తమ్ముడి జబ్బు గురించి నలుగురిలో మాట్లాడాలా, వద్దా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఉద్దానంలో పలాసకి దగ్గర ఒక పల్లె. నేను ఇంటర్ వరకు చదివాను. జీడి బట్టీలో పిక్కలు ఒలిచే పనికి వెళ్తాను. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా తమ్ముడికి 20 ఏళ్ళు. డిగ్రీ చదువుతుండేవాడు. కొబ్బరి, జీడి తోట మొత్తం పడిపోయి ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే వాడు మాత్రం గోడకేసి చూస్తూ ఎవరితోనో మాట్లాడేవాడు. దిగులు పెట్టుకున్నాడనుకున్నాం. తర్వాత చిల్లంగి పెట్టారన్నారు, గాలి సోకిందన్నారు. తాయెత్తులకీ కోడిపుంజులకీ రెండేళ్ళు గడిచిపోయాయి. రాత్రిళ్ళు లేచి రైలు పట్టాల వైపు వెళ్ళిపోతుంటే మా అమ్మ కొబ్బరి తాడుతో కాలికి కట్టి పశువుల శాలలో పడుకోబెట్టేది. తనూ అక్కడే పడుకునేది.

చివరికి ఆశా వర్కరు చెప్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. స్కిజోఫ్రీనియా అన్నారు. నెలకో ఇంజెక్షన్, రాత్రి మాత్రలు. ఇప్పుడు వాడు బాగున్నాడు. తోటకి వెళ్తాడు, మా పాపకి లెక్కలు చెప్తాడు. కానీ ఆ ఇంజెక్షన్ కోసం నెలనెలా ఒక రోజు కూలి మానుకుని అంత దూరం వెళ్ళాలి. రెండుసార్లు స్టాకు లేదన్నారు. మా చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళు ఇంకో నాలుగున్నాయి. ఒక ఇంట్లో పెళ్ళి కావలసిన అమ్మాయిని ఇప్పటికీ గదిలో పెట్టి తాళం వేస్తున్నారు. వీళ్ళందరికీ మంచి వైద్యం దొరికేలా ఏదైనా చెయ్యాలని ఉంది. మా ఆయనేమో ‘ఇంటి గుట్టు బజార్లో పెడతావా, రేపు మన పిల్లకి సంబంధాలు రావద్దా’ అంటున్నారు. నాలాంటి దాని మాట ఎవరు వింటారు? ఎక్కడ మొదలుపెట్టాలి? కలెక్టరాఫీసులో గ్రీవెన్స్‌కి వెళ్తే తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళాలా?
— ఒక అక్క, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివిన వాళ్ళెవరైనా కొబ్బరి తాడు దగ్గర ఆగుతారు. నేను ‘రెండుసార్లు స్టాకు లేదన్నారు’ అన్న చోట ఆగిపోయాను.

మాది విజయనగరం. మా పెద్దన్నయ్యకి మీ తమ్ముడి వయసులోనే ఇదే జబ్బు వచ్చింది. మా నాన్న అన్నయ్య చెయ్యి మంచం కోడుకి కట్టేవారు. తాడైతే ఒరుసుకుంటుందని తన పంచె చింపి ఆ పేలికతో కట్టేవారు. తర్వాత మందు దొరికింది. ఏడాదిన్నర పాటు అన్నయ్య మాకు తిరిగొచ్చాడు. సైకిలు బాగుచేసుకున్నాడు, సాయంత్రం కూరగాయలు తెచ్చేవాడు. ఒక నెల ఆసుపత్రికి వెళ్తే ఇంజెక్షన్ లేదు, వచ్చే నెల రమ్మన్నారు. బయట కొనుక్కోవడానికి చీటీ రాసిమ్మని అడగవచ్చని మా నాన్నకి తెలియదు. సరేనని బస్సెక్కి వచ్చేశారు. ఆరు వారాలు తిరిగేసరికి అన్నయ్యకి మళ్ళీ ఎవరూ లేకుండానే మాటలు వినపడటం మొదలైంది. ఒకరోజు తెల్లవారుజామున మా అమ్మ లేచి చూస్తే వీధి తలుపు తీసి ఉంది. ఆ తర్వాత మా అన్నయ్యని మేమెవరం చూడలేదు.

అందుకే మీ ప్రశ్నకి నా జవాబు అక్కణ్ణుంచే మొదలవుతుంది. మంచి వైద్యం కోసం ఏదో ఒకటి చెయ్యాలని ఉందన్నారు. ఆ ‘ఏదో ఒకటి’ పెద్దగా, గాల్లో ఉండకూడదు. మీ ఊరికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ జబ్బు మందు ఏ నెలా అయిపోకూడదు. ప్రస్తుతానికి ఈ ఒక్కటే అడగండి. సమాజంలో అవగాహన పెంచడం, ర్యాలీలు, ఫ్లెక్సీలు, మానసిక ఆరోగ్య దినోత్సవాలు, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. అవగాహన వచ్చి ఆసుపత్రికి వెళ్ళిన మనిషికి అక్కడ మందు లేకపోతే ఆ మనిషి నేరుగా మంత్రగాడి దగ్గరికే పోతాడు. మా వీధిలో ఇది నేను కళ్ళారా చూశాను.

దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా కనపడలేదు. మీ తమ్ముణ్ణి అడిగారా? మీ ఆయన అభిప్రాయం రాశారు, మీ అమ్మగారి కష్టం రాశారు. కానీ జబ్బు అతనిది. కట్టేసిన రోజులు కూడా అతనివే. ఆ సంగతి బయట చెప్పాలా, చెప్తే ఎంతవరకు చెప్పాలి, పేరు పెట్టాలా వద్దా అన్నది తేల్చవలసింది అతను. మీరు అతన్ని ఎంత ప్రేమగా చూసుకున్నా సరే, ఈ విషయంలో అతని మాటే ఆఖరు మాట. మనస్ఫూర్తిగా వద్దంటే అతని కథ మానేసి మందు గురించి మాత్రమే మాట్లాడండి. దరఖాస్తుకి కథ అక్కర్లేదు. ‘మా ఇంట్లో ఒకరికి’ అంటే చాలు.

అడిగేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి పంచాయితీలా అడగకండి. తోటలో పని చేసుకుంటూనో, పాపకి లెక్కలు చెప్పాక కాస్త తీరిగ్గా ఉన్నప్పుడో మాట కలపండి. ఇంకో సంగతి కూడా అప్పుడే కదపండి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు మళ్ళీ తిరగబెడితే తన తరఫున ఎవరు మాట్లాడాలో మీ తమ్ముడు ముందే రాసిపెట్టుకోవచ్చు. మామూలు తెల్లకాగితం మీద రాసి సంతకం గానీ వేలిముద్ర గానీ వేస్తే సరిపోతుంది. నామినీ అన్నమాట. ఆ పేరు మీదే కావచ్చు, మీ అమ్మగారిది కావచ్చు. తనకి ఏ రకం వైద్యం ఇష్టం, ఏది వద్దు అన్నది కూడా ముందుగా రాసిపెట్టే పద్ధతి ఆ చట్టంలోనే ఉంది. బాగున్న రోజుల్లోనే ఇవి చేసుకోవాలి. జబ్బు ముదిరిన రోజున కాగితం వెతుక్కోవడం జరిగే పని కాదు.

మీ ఆయన భయం గురించి. ఆయన్ని తప్పుపట్టలేను. మన వైపు సంబంధం అనుకోగానే ఆ ఇంటి ముందు తరాల సంగతులన్నీ ఆరా తీస్తారని మనిద్దరికీ తెలుసు. కానీ లెక్క ఒకసారి చూడండి. ఈ జబ్బు నూటికి దాదాపు ఒకరికి వస్తుంది. తోడబుట్టిన వాళ్ళకి ఉంటే అది నూటికి తొమ్మిది, పది దాకా పెరుగుతుంది. మేనకోడలి దగ్గరికి వచ్చేసరికి మూడు, నాలుగుకి దిగిపోతుంది. అంటే మీ పాప లాంటి పిల్లలు వందమంది ఉంటే దాదాపు తొంభై ఆరుగురికి ఈ జబ్బు రాదు. ఈ లెక్క ఆయనకి చెప్పండి. ఇంకొకటి కూడా అడగండి: ఊరికి తెలియదనుకుంటున్నారా? రెండేళ్ళు పశువుల శాలలో పడుకున్న కుర్రాడి సంగతి తెలియని ఇల్లు మీ పల్లెలో ఉంటుందా? ఊరికి తెలియనిది ఒక్కటే, మందు వేసుకుంటే మనిషి మామూలుగా బతుకుతాడని. మీరు దాచినా దాచకపోయినా పాత సంగతి ఎలాగూ ఉంది. కొత్త సంగతి చెప్పేవాళ్ళే లేరు. అంతగా ఆయన ఒప్పుకోకపోతే మీ ఇంటిపేరు ముందుకి తేవద్దు. అయిదు ఇళ్ళ వాళ్ళూ కలిసి అడుగుతున్నట్టు అడగండి. అసలు అలా అడగడమే మంచిది కూడా.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. రైలు కింద పడకుండా కొడుకుని కాపాడుకోవడానికి ఆమె చేతిలో ఉన్నది ఆ తాడొక్కటే. కొడుకుతో పాటు తనూ శాలలో పడుకున్న మనిషిని ఎవరూ ఒక్క మాట అనకూడదు. అయినా తాడు తప్పే. మానసిక జబ్బున్న వాళ్ళని ఏ విధంగానూ గొలుసులతో కట్టకూడదని ఆ చట్టం రాసిపెట్టింది. ఎందుకు రాశారో తెలుసా? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకి వచ్చిన రోగుల్ని ఉంచే ఒక పాకకి తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపలున్న వాళ్ళని గొలుసులతో కట్టి ఉంచారు. పారిపోలేక 28 మంది చనిపోయారు. వాళ్ళని అక్కడ వదిలింది కూడా అమ్మలూ నాన్నలే. వేరే దారి తెలియకే వదిలారు.

తాళం వేసిన గదిలో ఉన్న ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళేటప్పుడు ఇదంతా మనసులో పెట్టుకోండి. చట్టం పేరు ఎత్తకండి. వీలైతే మీ అమ్మగారిని తీసుకెళ్ళండి. ఆ పిల్ల తల్లితో మీ అమ్మగారు ‘నేనూ కట్టేశానమ్మా’ అని మొదలుపెడితే సగం తలుపు అక్కడే తెరుచుకుంటుంది. వాళ్ళు ఆసుపత్రికి రామంటే 14416కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన ఉచిత నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రెండు మూడుసార్లు వెళ్ళినా వినకపోతే, ఆ పిల్లకి తిండి సరిగా పెట్టడం లేదనో కొడుతున్నారనో మీకు తెలిస్తే, అప్పుడు మాత్రం మొహమాటపడకండి. ఇంట్లోనే హింసకి గురవుతున్న, ఎవరూ పట్టించుకోని రోగి గురించి ఎవరైనా పోలీస్ స్టేషన్‌లో చెప్పవచ్చు. స్టేషన్ అధికారి దాన్ని మేజిస్ట్రేటు దృష్టికి తీసుకెళ్ళాలి. ఆ అమ్మాయిని నేరస్తురాలిలా చూడటానికి కాదు, వైద్యానికి పంపించడానికే.

ఇక ‘నాలాంటి దాని మాట ఎవరు వింటారు’ అన్నారు. ఉద్దానంలో పుట్టిన మీరు ఈ మాట అనకూడదు. తొంభైల నుంచీ మీ పల్లెల్లో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారు. ఇప్పటికీ ఇదీ కారణమని ఎవరూ తేల్చలేదు. డయాలసిస్ కోసం విశాఖపట్నం దాకా తిరిగి, అప్పులపాలై, శవాలతో తిరిగొచ్చిన ఇళ్ళు మీ చుట్టూ ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఊళ్ళకి ఊళ్ళు ఆ మాటే చెప్పాయి. వచ్చిన ప్రతి నాయకుడికీ చెప్పారు, విలేఖరికీ చెప్పారు, డాక్టరుకీ చెప్పారు. డయాలసిస్ చేయించుకునే వాళ్ళకి నెలకి 10 వేల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అవి వచ్చేలోపు ఎంతమంది పోయారో మీకు నాకంటే బాగా తెలుసు. ఇప్పుడు అన్నీ బాగున్నాయని కూడా నేననను. కానీ ఆ మాట వినిపించింది ఎవరు? జీడితోట రైతులు, పిక్కలు ఒలిచే ఆడవాళ్ళు, చేపల వేటకి వెళ్ళే వాళ్ళు. కిడ్నీ జబ్బుని ఎవరూ సిగ్గుపడి దాచలేదు. మన జబ్బుని దాచాం. రెండిటికీ తేడా అక్కడే వచ్చింది.

దాచడం వల్ల ఏమవుతుందో చూడండి. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. తీవ్రమైన మానసిక జబ్బులున్న వాళ్ళలో కూడా దాదాపు నలుగురిలో ముగ్గురికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. అందులో మన ఆంధ్రప్రదేశ్ లేదు. అంటే మీ తమ్ముడు గానీ, ఆ గదిలో అమ్మాయి గానీ ఆ లెక్కల్లో ఎక్కడా లేరు. మీ అయిదు ఇళ్ళ సంగతి కాగితం మీదికి వచ్చేది మీరు రాస్తేనే.

కాబట్టి రాయడంతోనే మొదలుపెట్టండి. పిక్కలు ఎన్ని కిలోలు ఒలిచారో రోజూ లెక్క రాసుకుంటారు కదా, అదే అలవాటు. ఒక నోటుబుక్కు కొనండి. ఏ తేదీన ఆసుపత్రికి వెళ్ళారు, ఎన్నింటికి చేరారు, మందు ఇచ్చారా, లేదన్నారా, లేదని ఎవరు చెప్పారు, చార్జీలు ఎంతయ్యాయి, ఎంత కూలి పోయింది, బయట కొంటే ఎంతకి కొన్నారు. మిగతా నాలుగు ఇళ్ళ వాళ్ళవీ ఇలాగే రాయండి. చదువు రాని వాళ్ళు చెప్తే మీరు రాయండి. మూడు నెలలు చాలు. ‘ఎప్పుడూ మందు ఉండదండీ’ అంటే ఏ అధికారైనా ‘చూస్తామమ్మా’ అని పంపించేస్తారు. ‘ఫలానా తేదీ, ఫలానా తేదీ లేదన్నారు, ఇదిగో ఓపీ చీటీ’ అంటే అంత తేలిగ్గా పంపలేరు. ఓపీ చీటీలు ఒక్కటి కూడా పారేయకండి.

ఏం అడగాలో కూడా చెప్తాను, ఇది ముఖ్యం. ఇంజెక్షన్ రాసేది సైకియాట్రిస్టు, అంటే మానసిక వైద్యుడు. చేసేది నర్సమ్మ. ప్రతి నెలా సైకియాట్రిస్టు ఉన్న చోటికే వెళ్ళి చేయించుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. ఫ్లూఫెనజీన్ లాంటి ఇంజెక్షన్లు కొత్తగా వచ్చినవి కావు, పెద్ద ఖరీదైనవి కూడా కావు. దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. మీ తమ్ముడికి ఇచ్చేది ఏదో చీటీ మీద చూసుకోండి. డాక్టరు గారు సరేనంటే మూడు నెలలకోసారి ఆయనకి చూపించుకుని, మధ్యలో నెలల్లో మీకు దగ్గరి సీహెచ్‌సీలో, అంటే సామాజిక ఆరోగ్య కేంద్రంలో, ఇంజెక్షన్ చేయించుకోవచ్చు. మీరు అడగవలసింది అదే: మా దగ్గరి ఆసుపత్రిలో ఈ మందు ఉంచండి, నెలకో రోజు కేటాయించండి. చట్టం మీ వైపే ఉంది. మానసిక జబ్బులకి సంబంధించి ప్రభుత్వం ప్రకటించిన జాబితాలోని మందులన్నీ సీహెచ్‌సీ నుంచి పైస్థాయి ఆసుపత్రుల దాకా అన్ని వేళలా ఉచితంగా దొరకాలని 18వ సెక్షను చెప్తోంది. జిల్లాలో ప్రభుత్వ వైద్యం అందుబాటులో లేక అదే జిల్లాలో మరోచోట చూపించుకుంటే ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలని కూడా అందులోనే ఉంది.

దరఖాస్తు ఇలా రాయండి, ఇంతకంటే పొడుగు వద్దు: ‘అయ్యా, మేము ఫలానా పంచాయతీలో అయిదు కుటుంబాల వాళ్ళం. మా ఇళ్ళలో మానసిక జబ్బుతో బాధపడుతున్న వాళ్ళున్నారు. ఫలానా ఇంజెక్షన్, ఫలానా మాత్రలు మన ఆసుపత్రిలో లేనందువల్ల నెలనెలా ఇంత దూరం వెళ్ళవలసి వస్తోంది. ఈ తేదీల్లో అక్కడ కూడా దొరకలేదు. 2017 చట్టం 18వ సెక్షను ప్రకారం ఈ మందులు ఇక్కడే ఉండేలా, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు గారు నెలకి ఒక రోజు ఇక్కడికి వచ్చేలా ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాం.’ కింద సంతకాలు. మొదటి కాపీ ఆ ఆసుపత్రి సూపరింటెండెంటుకి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆయనకి చెప్పకుండా పైకి వెళ్ళకండి. చాలాసార్లు వాళ్ళు కూడా పైకి ఇండెంటు పెట్టి మందు రాక తిట్లు తినే వాళ్ళే. మీ కాగితం వాళ్ళకి కూడా పనికొస్తుంది. తర్వాత డీఎంహెచ్‌ఓ, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి ఆఫీసు. రెండు వారాలు చూసి కదలిక లేకపోతే కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్. అక్కడ ఇచ్చే రసీదు నంబరు నోటుబుక్కులో రాసుకోండి. అప్పటికీ కాకపోతే సమాచార హక్కు కింద ఒక్కటే ప్రశ్న వేయండి: గత ఆరు నెలల్లో ఈ మందు ఎన్నిసార్లు వచ్చింది, ఎన్ని రోజులు స్టాకు లేదు? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఉచితంగా లాయరు సలహా కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేయండి. మానసిక జబ్బున్న వాళ్ళకి ఉచిత న్యాయ సాయం హక్కుగా ఉంది, అడుక్కోవలసింది కాదు.

ఈ తిరుగుడు అంతా మీరొక్కరే పెట్టుకోకండి. అయిదు ఇళ్ళ వాళ్ళూ నెలకోసారి ఒకచోట కూర్చోండి. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి అరుగు మీద, టీ పెట్టుకుని. జబ్బున్న వాళ్ళని కూడా కూర్చోబెట్టండి. ఏం మాట్లాడుకోవాలో ముందే అనుకోనక్కర్లేదు. రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేస్తున్నారు, మాత్ర వేసుకోనంటే ఎలా ఒప్పిస్తున్నారు, ఇవే వస్తాయి. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో విద్యాసాగర్ అనే డాక్టరు గారు ఆవరణలో డేరాలు వేయించి, రోగి దగ్గరే కుటుంబాన్ని ఉండనిచ్చారు. సాయంత్రాలు అందరినీ కూర్చోబెట్టి జబ్బు గురించి చెప్పేవారు. ఇళ్ళకి తిరిగెళ్ళిన కుటుంబాలు భయం పోయి, ఇంకొకరికి చెప్పగలిగే వాళ్ళయ్యారు. మన దేశంలో తొలి మహిళా సైకియాట్రిస్టుగా పేరున్న శారదా మీనన్ గారు 1984లో మద్రాసులో స్కార్ఫ్ అనే సంస్థ పెట్టి, స్కిజోఫ్రీనియా ఉన్న వాళ్ళకి మందుతో పాటు పని నేర్పించడం మీద కూడా దృష్టి పెట్టారు. మీ అరుగు మీద జరిగేది కూడా ఆ కోవలోదే. మీరు దాన్ని చిన్నగా చూడకండి.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. తాళం వేసిన ఆ అమ్మాయి ఫొటో గానీ వీడియో గానీ ఎవరికీ పంపకండి. ఎవరైనా యూట్యూబ్ చానల్ వాళ్ళు వచ్చి ‘ఒక్కసారి చూపించండమ్మా, సాయం వస్తుంది’ అంటే వాకిట్లోనుంచే పంపేయండి. ఆ పిల్ల రేపు బాగుపడుతుంది. బాగుపడ్డాక ఆ వీడియో జీవితాంతం ఆమె వెంట పడుతుంది. నెలకింత కడితే పూర్తిగా నయం చేస్తామనే ప్రైవేటు హోముల వాళ్ళని కూడా నమ్మకండి. మానసిక రోగుల్ని చేర్చుకునే ఏ చోటుకైనా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ముందు ఆ కాగితం చూపించమనండి.

మంచి వైద్యం అంటే ఇంజెక్షన్ ఒక్కటే కాదని కూడా చెప్పాలి. మీ తమ్ముడికి ఈ మందు మొదలుపెట్టాక బరువు పెరిగిందా? చేతులు వణుకుతున్నాయా, నడక బిగుసుకుపోయినట్టుందా, నిద్రలో చొంగ కారుతోందా? చాలామంది ఈ బాధలకే మందు మానేస్తారు. మనమేమో ‘పిచ్చి మళ్ళీ తిరగబెట్టింది’ అంటాం. డాక్టరు గారికి చెప్తే మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు. మన అంతట మనం ఆపకూడదు. ఇలాంటి తీవ్రమైన మానసిక జబ్బులున్న వాళ్ళు మిగతా వాళ్ళకంటే 10 నుంచి 20 ఏళ్ళు ముందే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఎక్కువ మంది పోయేది గుండెజబ్బు, షుగరు లాంటి మామూలు జబ్బులతోనే. కడుపులో నొప్పి అని చెప్పినా ‘వాడి మాటకేంటి’ అని వదిలేయడం వల్ల కూడా పోతున్నారు. అందుకని ఇంజెక్షన్ రోజునే బరువు, బీపీ, షుగరు చూడమని అడగండి. మీ దరఖాస్తులో ఈ ఒక్క వాక్యం కలపండి. డబ్బు ఖర్చయ్యే పని కాదు, ఎవరూ కాదనలేరు.

పింఛను గురించి మీరు అడగలేదు, అయినా చెప్తున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన అని సదరం శిబిరంలో సర్టిఫికెట్ వస్తే రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 6 వేలు వస్తుంది. శిబిరానికి స్లాట్ కోసం సచివాలయంలో అడగండి. అయితే అక్కడ ఒక చిక్కుంది. కాలు లేకపోతే కనపడుతుంది, ఈ జబ్బు కనపడదు. స్నానం చేసి మంచి చొక్కా వేసుకుని వెళ్ళిన కుర్రాణ్ణి చూసి బాగానే ఉన్నాడనుకుంటారు. తన పనులు తాను ఎంతవరకు చేసుకుంటున్నాడు, నలుగురితో ఎలా మెలుగుతున్నాడు, ఎన్నేళ్ళుగా జబ్బుంది అన్నవి చూసి శాతం వేస్తారు. కాబట్టి మొదటి రోజు నుంచీ ఉన్న చీటీలన్నీ పట్టుకెళ్ళండి. పాత కేస్ షీటు కాపీ అడిగి తీసుకునే హక్కు మీ తమ్ముడికి ఉంది. ఇక్కడ కూడా ముందు అతన్నే అడగండి. తోట పని చేసుకుంటున్న మనిషి వికలాంగుల పింఛను వద్దనవచ్చు. వద్దంటే బలవంతం చేయకండి. తాళం గదిలోని అమ్మాయికి మాత్రం అది చాలా అవసరం.

ఇక చివరి ప్రశ్న, గ్రీవెన్స్‌కి తమ్ముణ్ణి తీసుకెళ్ళాలా? అతను వస్తానంటేనే. వచ్చేది జాలి పుట్టించడానికి అయితే వద్దు. మాట్లాడటానికి రమ్మనండి. ఇంటి దగ్గర ఒకసారి మాట్లాడి చూసుకోమనండి, నాలుగు వాక్యాలు చాలు: నాకు ఈ జబ్బుంది, ఈ మందుతో బాగున్నాను, మందు లేని నెల ఇలా ఉంటుంది, మా ఊరి దగ్గర ఇది ఉంచండి. ఎవరైనా అతన్ని వదిలేసి మీ వైపు తిరిగి ‘ఇతనికేం కావాలమ్మా’ అంటే మీరు జవాబు చెప్పకండి. తమ్ముడి వైపు చూడండి, అతనే చెప్తాడు. ఇంజెక్షన్ రోజు కాకుండా వేరే సోమవారం పెట్టుకోండి, ఆ రోజు మత్తుగా ఉండవచ్చు. అక్కడ టోకెన్ కోసం చాలాసేపు కూర్చోవాలి. ఈ మందులు వేసుకునే వాళ్ళకి ఎండ పడదు, నోరు ఎండిపోతుంటుంది. నీడన కూర్చోబెట్టి, నీళ్ళ సీసా దగ్గర పెట్టండి. రసీదు వచ్చాక ఆ నంబరు నాకూ రాయండి.